సాలెగూటి పెండ్లికొడుకు

గడచిన వానకాలమున మా పెరటిలో సన్నజాజి పందిరికిని నూతిగట్టునకును నడుమ నొక సాలీడు గూడు కట్టుకొన్నది. ఇంటి మూలలందు బూజు పట్టించు పొడుగుకాళ్ల సాలీడు కాదిది. బండిచక్రమునకు ఆకులు వేసినట్లు నడుమనుండి నలువైపులకు పోగులు లాగి, వానిమీద సన్నని దారమును సుళ్లు సుళ్లుగా త్రిప్పి, మధ్యభాగమున తెల్లని మెలికల పట్టుతో గుణకారపు గుర్తువంటి ముగ్గు పెట్టినది. ఆ ముగ్గుమీద తన యెనిమిది కాళ్లను రెండేసి చొప్పున నాలుగు జతలుగా చాచి, తలక్రిందులుగా రోజంతయు కదలక యుండెడిది. పొట్టమీద పసుపుపచ్చని పట్టెలు, వాని నడుమ గోధుమవన్నె చారలు. చూచుటకు ముచ్చటగా నుండుటచే మేము బూజుకఱ్ఱ నటువైపు పోనీయలేదు.

నాలుగైదు దినములు గడచినపిమ్మట ఆ గూటి అంచున మినపగింజలంతటి పురుగులు రెండు కనబడినవి. అవియు సాలీళ్లే. రంగు లేదు, హంగు లేదు. పెద్దదానికి దూరముగా, ఒకటి యీ కొసను, ఒకటి యా కొసను ఒదిగి కూర్చుండెడివి. మా చిన్నది వానిని చూచి "అమ్మా, దీనికి పిల్లలు పుట్టినవి" అని సంబరపడినది. మా అత్తగారును "తల్లిచాటు బిడ్డలు కాబోలు, ముట్టకండి" అనిరి. మేమును అట్లే యనుకొంటిమి.

ఒకనాటి ప్రాతఃకాలమున నీళ్లు తోడుచుండగా చిన్నది కెవ్వున కేక వేసినది. పోయి చూతుము గదా, పెద్ద సాలీడు ఒక చిన్న తెల్లని మూటను మూతియొద్ద పట్టుకొని యున్నది. మూటలోనుండి సన్నని కాలొకటి బయటికి కనబడుచున్నది. గూటి కొసను నిన్నటివఱకు రెండున్నచోట నిపుడొక్కటియే యున్నది. "తల్లి పిల్లను తినివేసినది" అని చిన్నది కండ్లనీళ్లు పెట్టుకొని బూజుకఱ్ఱకై పరుగెత్తినది. దాని చేతిలోనుండి కఱ్ఱ లాగికొని సముదాయించుట మాకు పెద్ద పనియైనది. ఎందుకు లాగికొంటిమో ఆ క్షణమున మాకే తెలియదు.

రాత్రి భోజనములవేళ చిన్నది యీ సంగతి తన పెదనాన్నగారితో చెప్పినది. మా పెద్దబావగారు చదువుకొన్నవారు. "అది బిడ్డ కాదే పిచ్చిదానా, పెనిమిటి! పెండ్లినాడే మగని మ్రింగు జాతి యది. ఆడుదానిని నమ్మరాదని పెద్ద లూరక యనలేదు" అనిరి. పంక్తిలోని వారందఱును నవ్విరి. మేమును వడ్డించుచు నవ్వితిమి గాని ఆ మాట మాకు గుచ్చుకొన్నది. మా పెరటిలోని పురుగు చేసిన పనికి మేము జవాబుదారులము కావలసివచ్చుట యేమి న్యాయము? అసలు జరిగినదేమో తెలిసికొనవలెనని, మధ్యాహ్నపు తీరికవేళలలో దొరికినంతవఱకు చదివితిమి. బావగారు చెప్పినది అబద్ధము కాదు. కాని అది కథలో సగమైనను కాదు.

శాస్త్రజ్ఞులు నేటివఱకు పేర్లు పెట్టిన సాలీళ్ల జాతులు 2022వ సంవత్సరమున 50,000 దాటినవి. అందులో చక్రమువంటి గూడు కట్టు ప్రధాన కుటుంబముననే మూడువేలకు పైగా జాతులు కలవు. మా పందిరిలోనిది ఆర్గియోపి యను తెగకు చేరినది. ఈ తెగవారు మన దేశముననే కాక ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ఖండములందును కలరు. మన తోటలలో తఱచుగా కనబడు నొక జాతికి 1887లో తోరెల్ అను స్వీడను దేశపు పండితుడు ఆర్గియోపి అనసూజ అని పేరుపెట్టెను. మన చెవికి అనసూయ యనియే వినబడును. మహాపతివ్రత పేరువంటి పేరు ఈ జాతికే రావలెనా యని మేము చాలసేపు నవ్వుకొంటిమి. బావగారికి చెప్పకుండ నుండుట మాత్రము సాధ్యము కాలేదు.

ముందుగా మగదాని సంగతి చెప్పవలెను. గూటి కొసను కూర్చున్నవి పసిబిడ్డలని మేము భ్రమపడుటలో వింత లేదు. చక్రపుగూటి జాతులలో పెక్కింటియందు మగది ఆడుదానితో పోల్చిచూడ నంత చిన్నది. మన అడవులలోను పెద్దతోటలలోను బంగారువన్నె పట్టుతో గూడు కట్టు నెఫిలా పిలిపెస్ అను జాతిలో ఆడుదాని శరీరము మూడు మొదలు అయిదు సెంటిమీటర్ల వఱకు పొడవుండగా మగది అయిదాఱు మిల్లీమీటర్లు మాత్రమే. తూకములో ఆడుది మగదానికి 125 రెట్ల వఱకు నుండును. మన లెక్కలో చెప్పవలెనన్న, ఏబది కిలోల పెండ్లికూతునకు నాలుగువందల గ్రాముల పెండ్లికొడు కన్నమాట. అతడు మరుగుజ్జు కాడు, ఆమెయే తరతరములుగా పెరుగుచు వచ్చినదని నేటి శాస్త్రజ్ఞులు తేల్చిరి. పొట్ట పెద్దదైనకొలది గ్రుడ్లు ఎక్కువ పెట్టవచ్చును గదా.

మగది ఆడుదానికంటె తక్కువ మార్లు కుబుసము విడిచి త్వరగా యుక్తవయస్సునకు వచ్చును. వచ్చిన దినమునుండి దాని సంసారము ముగిసినట్లే. తన గూటిని విడిచిపెట్టును. మరల ఆహారమునకై వల పన్నదు. తిండి యుండియు లేనట్లే. గాలిలో తేలివచ్చు వాసన నానవాలు పట్టుకొని బయలుదేరును. ఆర్గియోపి తెగలో ఐరోపాజాతి యగు బ్రూనికియొక్క ఆడుది పెండ్లియీడునకు రాగానే గాలిలోనికి విడుచు నట్టి వాసనద్రవ్యమును జర్మను శాస్త్రజ్ఞులు 2010లో కనిపెట్టి ప్రకటించిరి. ఆ వాసన వెంట పోవు త్రోవలో పిట్టలు, కందిరీగలు, ఇతర సాలీళ్లు కాచుకొని యుండును. పెక్కు పెండ్లికొడుకులు విడిది చేరకయే కాలము చేయుదురు. ఇంత ప్రయాణము చేసి ఒక గుమ్మము చేరినవానికి మఱియొక గుమ్మము చేరుదునను నమ్మకము లేదు. ఈ మాట చదువరులు కొంచెము జ్ఞాపక ముంచుకొనవలెను. ముందు చెప్పబోవు వింతకంతటికి మూల మిదియే.

ఇట్టి సంగతులు స్త్రీల పత్రికలో వ్రాయదగునా యని కొంద ఱనవచ్చును. బిడ్డలను కని పెంచు మనము తెలిసికొనగూడని దిందేమియు లేదని మా యభిప్రాయము. మగసాలీడు బయలుదేరుటకు ముందు చిన్న పట్టుతెర నొకటి అల్లి, దానిమీద బీజద్రవ్యపు బిందువు నుంచి, మూతికి రెండుప్రక్కల నుండు చిన్నచేతుల కొనలలోనికి దానిని పీల్చుకొనును. ఈ చేతులు నడుచుటకు పనికివచ్చునవి కావు. దూరప్రయాణమునకు కూజాలో నీళ్లు నింపుకొనునట్లు ముందే నింపుకొని బయలుదేరును. చేతులు రెండు, ఆడుదానియందు ఆ బీజమును స్వీకరించు ద్వారములును రెండు. ఆర్గియోపి తెగలో ఒక్కొక్క చేయి సాధారణముగా నొక్కమాఱే పనికివచ్చును. అనగా మగదానికి జన్మమంతటికిని రెండవకాశములు మాత్రమే.

గుమ్మము చేరినంతమాత్రమున లోనికి పోవుటకు వీలులేదు. గూటిసాలీనికి కన్ను లెనిమిదియున్నను చూపు మిక్కిలి మందము. గూడే దాని కన్నును చెవియును. పోగు కదలినదా, ఆహారము చిక్కిన దని దూకును. కనుక మగది అడుగుపెట్టిన క్షణమునుండియు "నేను ఈగను కాను" అని చెప్పుకొనవలెను. ఎట్లు చెప్పును? వీణ మీటినట్లు పోగులను మీటును. ఒడలు గడగడ వణకించును. నిలిచి నిలిచి అడుగు వేయును. గూటి కొకప్రక్కగా తన పోగు నొకటి కట్టి దానిపైకి ఆమెను రప్పించుకొనును. 2013లో ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయమున విగ్నాల్, హెర్బర్‌స్టీన్ అను నిద్దఱు శాస్త్రజ్ఞు లచ్చటి ఆర్గియోపి జాతిపై దీనిని పరీక్షించిరి. మగదాని వణకువంటి కదలికను గూటిలో కలిగించినపుడు, ఆహారము చిక్కిన జాడ తెలిసినను ఆడుది దానిమీదికి పోవుటకు ఆలస్యము చేసినదట. ఆ వణకు భయముచేత వచ్చినది కాదు. ఆమె ఆకలిని కొంతసేపు నిలువరించు విద్య యది.

ఇక పెండ్లిముహూర్తము. అది గడియలలో లెక్కింపదగినది కాదు; సెకండ్లలో ముగియును. బ్రూనికి జాతిని హాంబర్గునందలి యూట్టా ష్నైడర్ అను విదుషీమణియు ఆమె సహచరులును చిరకాలము పరిశీలించిరి. మగది తన మొదటి చేతిని ఉపయోగించిన వెంటనే ఆడుది దానిమీద పడి పట్టుతో చుట్టబోవును. సుమారు పది సెకండ్లలోపల విడిపించుకొని దూకినవాడు బ్రదుకును. ఆలస్యించినవాడు మూటలో పడును. ఎక్కువమంది ఆలస్యించుచున్నారు. బ్రదికినవాడు కాలో రెండుకాళ్లో పోగొట్టుకొనియైనను రెండవ చేతితో మరల వచ్చును. ఈమాఱు తప్పించుకొనుట మఱి లేదు.

ఇది విని "అయ్యో" యనకుండువా రుండరు. కాని మగదాని ప్రక్కనుండి చూతము. ఆలస్యించినకొలది ఎక్కువ బీజము చేరును. అంతే కాదు. చేయి తీయునపుడు దాని కొన విఱిగి ద్వారములో నిలిచిపోవును. తరువాత వచ్చు మగది ఆ ద్వారమున ప్రవేశించుట కష్టము. తలుపునకు లోపలినుండి గడియ వేసినట్లు. రెండు ద్వారములకును తానే గడియ వేయగలిగిన మగదానికి ఇక లోకమున పొందవలసిన దేమున్నది? చేతులు రెండును పోయినవి. మఱియొక గుమ్మమునకు ప్రయాణమా, ప్రాణసంశయము. రానున్న బిడ్డలందఱును తన బిడ్డలే యగుటకు ప్రాణము నిచ్చినచో దానికి నష్టము లేదు, లాభమే. పది సెకండ్లు దాటి నిలుచుట తెలివితక్కువ కాదు. ప్రకృతి దానికి నేర్పిన గణిత మది.

ఆ గణితము ఎంత సూక్ష్మమైనదో 2010లో తెలిసినది. వెల్కె, ష్నైడర్ అనువారు బ్రూనికి మగదానిని ఒకమాఱు దాని సోదరియొద్దను, వేఱొకమాఱు సంబంధములేని ఆడుదానియొద్దను విడిచి చూచిరి. సోదరి యైనచోట త్వరగా ముగించి దూకి ప్రాణము దక్కించుకొనుటయు, పరాయిదైనచోట నిలిచి ప్రాణ మర్పించుటయు ఎక్కువగా కనబడినది. సగోత్రపు పిల్ల యని తెలిసి పెండ్లికొడుకు పీటలమీదినుండి లేచినట్లున్నది గదా!

ఇంతకంటె విచిత్రము అమెరికా తోటలలోని పసుపునలుపుల ఆర్గియోపి జాతియందు కలదు. కెనడాలో పనిచేసిన ఫోల్మర్, ఫేర్‌బెర్న్ అను శాస్త్రజ్ఞులు 2003లో దీనిని వెల్లడించిరి. ఆ జాతి మగది రెండవ చేతిని ఉపయోగించిన క్షణముననే తనంతట తాను మరణించును. ఆడుది దానిని కొట్టలేదు, చుట్టలేదు. కొలది నిమిషములలో గుండె ఆగిపోవును. శరీరము చేతితోగూడ అచ్చటనే యిఱుకుకొని నిలుచును. అడ్డుగడియ తానే యైనాడు. ఇచ్చట హంతకురాలు లేదు. ఈ సంగతి బావగారికి చెప్పినపుడు వారు కొంచెముసేపు మాటలాడక తమలపాకు చుట్టుకొనిరి.

అట్లని మగజాతులన్నియు చచ్చుటకే పుట్టిన వనుకొనరాదు. ప్రాణము దక్కించుకొను నుపాయములు చెప్పిన కొలది యున్నవి. బ్రూనికి మగవారిలో కొందఱు ఆడుది యింకను యుక్తవయస్సునకు రాకమునుపే గూటి కొసను చేరి కాచుకొందురు. ఆమె చివరి కుబుసము విడిచి ఒడలు మెత్తగానుండి కదలలేని ఆ కొలది నిమిషములలో తమ పని ముగించుకొందురు. వారిలో దాదాపు అందఱును బ్రదుకుదురు. మా పందిరిలోని యిద్దఱును అట్లు కాచుకొన్నవారే కావచ్చును. బంగారుపట్టు నెఫిలా పిలిపెస్ మగది ఆడుదాని వీపుమీది కెక్కి, అటునిటు నడచుచు సన్నని పోగులతో ఆమెను అల్లును. ఆ పోగులు ఆమెను బంధింపగలంత బలము గలవి కావు. ఆమె యొక్కమాఱు విదిలించిన తెగిపోవును. కాని ఆ పట్టుయొక్క స్పర్శయు వాసనయు ఆమెను శాంతింపజేయునని 2011లో చైనా, స్లొవీనియా, సింగపూరు శాస్త్రజ్ఞులు కలిసి నిరూపించిరి. తలనిమిరి ఊరడించుటవంటిది కాబోలు.

మలబారు పేరు పెట్టుకొన్న సాలీ డొకటి కలదు. నెఫిలెంజిస్ మలబారెన్సిస్ అందురు. ఇది చెట్ల బోదెలమీదనే కాక యిండ్ల గోడలకు, చూరులకు చేర్చి గూడు కట్టి, ప్రక్కనే గొట్టమువంటి దాపు చేసికొనును. దీని మగది చేతి కొననే కాదు, మొత్తము చేతినే ఆడుదానియందు విఱిచి విడిచి పరుగెత్తును. విడిచిన చేయి మగది వెళ్లిపోయిన తరువాతకూడ బీజమును పంపుచునే యుండును. చేతులు పోయిన మగది దూరముగా పోక గూటి కొసనే కావలి కాయును. రెండు చేతుల బరువు తగ్గుటవలన దాని ఓపిక నూటికి ఎనుబదివంతులు హెచ్చునట; వచ్చిన పోటీదారులను తఱిమికొట్టుటలో దానిని మించినది లేదు. 2012లో వచ్చిన యీ పరిశోధనలు చదివి మా ఆడుబిడ్డ "చేతులు కాలిన తరువాతనే బుద్ధి వచ్చునన్నమాట" అన్నది.

చైనాలో గుంపులు గుంపులుగా నివసించు మఱియొక చక్రపుగూటి జాతి, ఫిలోపొనెల్లా ప్రొమినెన్స్. ఈ కుటుంబమువారికి విషము లేదు. ఎరను పట్టుతోనే చుట్టి చంపుదురు. హుబే విశ్వవిద్యాలయమువారు 2022లో ప్రకటించిన లెక్క యిది. వారు చూచిన 155 సంయోగములలో 152 మంది మగవారు పని ముగియగానే గుళేరునుండి విడిచిన గులకరాయివలె ఎగిరి దూరమున పడి బ్రదికిరి. ఎగురని మువ్వురును చంపబడిరి. ఇంకొక ముప్పదిమందిని శాస్త్రజ్ఞులు కుంచెతో అడ్డగించి ఎగురనీయక చూచిరి. వారందఱును ఆడుదాని పాలైరి. మగది ముందుకాళ్లను ఆమె ఒడలికి అదిమి మడిచి యుంచును. ఒక్కమాఱుగా విడిచినపుడు కాలి కీలులోని నీటి ఒత్తిడిచే సెకండునకు 88 సెంటిమీటర్ల వేగము వఱకు పోవును. ముందుగానే కట్టుకొన్న దారమును పట్టుకొని మరల ఎక్కివచ్చును. దాని ధైర్యమునకు మెచ్చవలసినదే.

ఇక ఆడుదాని ప్రక్క. ఆమె పక్షమున పలుకువారు చాల తక్కువ గనుక కొంచెము విడమర్చి చెప్పుదుము.

ఆర్గియోపి ఆడుది బ్రదుకునది సాధారణముగా నొక్క ఋతువే. మాటిమాటికి గూడు విప్పి, ఆ పట్టును తానే తిని, ఆ సత్తువతోనే క్రొత్తగూ డల్లుకొనును. దొరికిన ఆహారమంతయు గ్రుడ్లకే. సహాయమునకు మగదిక్కు లేదు. బ్రదికిన మగడైనను ఈగ నొకదానిని తెచ్చి పెట్టడు. కనుక ఆమె యెంచుకొనవలెను. ఎంచుటకు నోరు లేదు. మగదానిని ఎప్పుడు పట్టవలెనను నిర్ణయమే ఆమె చేతిలోని తులాభారము. ఆస్ట్రేలియా ఆర్గియోపి కీసర్లింజి జాతిలో ఆడుది తనకు నచ్చిన చిన్నపాటి మగవారి విషయమున ఆలస్యముగా పట్టి, వారి బీజము ఎక్కువగా చేరనిచ్చునని ఎల్గర్, ష్నైడర్, హెర్బర్‌స్టీన్ అనువారు 2000లో కనుగొనిరి. వేఱు వరునికి అంత అవకాశ మీయదు. అనగా బిడ్డలకు తండ్రి యెవరనునది తేల్చుచున్న దామెయే.

మగని తిన్నందున ఆమెకు కలుగు లాభమేమి? అంత చిన్న ప్రాణితో కడుపు నిండునా యని మేమును అనుకొంటిమి. బ్రూనికి జాతిలో మగని తిన్నందున గ్రుడ్ల సంఖ్య హెచ్చలేదని 2003లో తేలినది. కాని 2012లో వెల్కె, ష్నైడర్ అనువారు మరల పరీక్షింపగా, మగని తిన్న తల్లుల పిల్లలు ఆహారము లేని కష్టదశలో ఇతరుల పిల్లలకంటె ఎక్కువ దినములు నిలిచినవి. తండ్రి వెళ్లిపోలేదు, పిల్లల ఒంటిలో చేరినాడు. ఈ వాక్యము వ్రాయునపుడు మాకును ఒడలు కొంచెము జలదరించినది. కాని జరుగుచున్న దిదియే.

మగజాతి సాధువని అనుకొందురేమో, లారినియా జెస్కోవి సంగతి వినుడు. ఈ చక్రపుగూటి సాలీని మగది పని ముగియగానే ఆడుదాని జననాంగమున మగవారికి పట్టుకొమ్మవంటి భాగమును విఱిచివేయును. అది లేనిచో మఱియొక మగది ఆమెను చేరలేదు. గడియ వేయుట కాదిది, గుమ్మమునే పడగొట్టుట. 2015లో ఈ సంగతి వెలువడినది. ఇది చదివినపుడు మాకు భోజనాల పంక్తి జ్ఞాపకము వచ్చినది. ఈ మగపురుగు చేసిన పనినిబట్టి లోకమున మగవానిని నమ్మరాదని ఎవరైన అనిరా? అనలేదు, అనుటయు తగదు. ఆ న్యాయము రెండవప్రక్కకును చెల్లవలె నని మాత్రమే మా మనవి.

ఈ కోపము క్రొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్దమున స్వీడనులో డి గీర్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు, మగసాలీడు బుజ్జగించుచుండగనే ఆడుది దానిని పట్టి చుట్టి తినివేయుట చూచి, భయమును ఆగ్రహమును పట్టజాలక పోయెనట. డార్విన్ 1871లో ప్రకటించిన మానవావతరణ గ్రంథమున ఈ ముచ్చటను చేర్చెను. ఆగ్రహము! పాపము, ఆ పెద్దమనుష్యుడు తన కొలబద్దనే పట్టుకొని పోయినాడు. మన తెలుగుదేశమున సాలీ డనగానే శ్రీకాళహస్తి తలపునకు వచ్చును. శ్రీ యనగా సాలీడు, కాళ మనగా పాము, హస్తి యనగా ఏనుగు. శివునికి పట్టుగూటితో గుడికట్టి ప్రాణమిచ్చిన భక్తుడు మన సాలీడు. అక్కడ దానికి తొలిపేరు దక్కినది. ఇక్కడ పందిరిక్రింద హంతకురాలి పేరు వచ్చినది. రెండును మన మిచ్చినవే. సాలీ డెఱుగదు.

చెప్పవలసినది మఱియొకటి యున్నది, మా పందిరిలోని రెండవ మగది సంగతి. మొదటిది మూటయైన మూడవనాడు అదియు కొసనుండి కదలి నడుమకు వచ్చినది. ఆనాడు మా చిన్నది బడికి పోలేదు. కడుపునొప్పి యని చెప్పినది గాని కడుపునొప్పి కాదని మాకు తెలియును. ఇద్దఱమును నూతిగట్టున కూర్చుంటిమి. అది పోగు మీటుటయు, నిలుచుటయు, మరల రెండడుగులు వేయుటయు పదిమార్లు జరిగినది. కలిసినంతసేపు మేము ఊపిరి బిగబట్టితిమి. తరువాత అది ఒక్కమాఱుగా క్రింద పడి, దారము పట్టుకొని వ్రేలాడినది. లెక్కపెట్టగా ఏడు కాళ్లున్నవి. "బ్రదికినది" అని చిన్నది చప్పట్లు కొట్టినది. "మరల వచ్చునా అమ్మా?" అని యడిగినది. వచ్చునని చెప్పితిమి. వచ్చిన నేమగునో ఆ చిన్నదానికి చెప్పలేకపోయితిమి. మఱునాటికి అది కనబడలేదు.

కొన్నాళ్లకు ఆడుది పొట్ట బరువెక్కి, పందిరి రాటకును తీగకును నడుమ లేతపసుపువన్నె పట్టుసంచి నొకటి అల్లినది. ఇట్టి సంచిలో వందలకొలది గ్రుడ్లుండును. తరువాత అది గూడు సరిగా కట్టలేదు. పోగులు తెగినను అతుకలేదు. ఒకనాటి ఉదయమున నూతిపళ్లెములో తేలుచు కనబడినది. మా అత్తగారు దానిని ఆకుతో తీసి జాజిమొదట నుంచిరి.

దసరాకు ముందు ఇల్లు దులుపువేళ పనిమనిషి కఱ్ఱ తీసికొని పెరటివైపు పోవుచుండగా పెద్దబావగారు అరుగుమీదినుండి "ఆ రాట జోలికి పోకు" అని కేక వేసిరి. సంచి విచ్చి, ఆవగింజకంటె చిన్నవి గంపెడు పిల్లలు తీగెలమీది కెక్కి, ఒక్కొక్కటియే దారము విడిచి గాలికి తేలిపోవుట అందఱమును చూచితిమి. వానిలో రెండు మూడు బావగారి ఉత్తరీయముమీద వ్రాలినవి. వారు దులుపుకొనలేదు. చిన్నది దగ్గఱకు పోయి "ఇందులో మగవి ఏవి, పెదనాన్నగారూ?" అని యడిగినది.